మాటామంతీ: పోస్టు చేసే ముందు ఒకసారి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే సంగతి: ఫోన్లో కవితలు పెట్టడం, వార్తల మీద మనసులో మాట చెప్పడం, ఆ తర్వాత వచ్చిపడే తలనొప్పులు. ఉత్తరాలను కొంచెం కుదించి, పేర్లు తీసేసి ఇస్తున్నాను. తిరుపతిలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి అక్కడక్కడా ఎర్ర పెన్ను అలవాటు కనిపిస్తుంది, సర్దుకోండి.

*అమ్మా, నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయినాను. మాది చిత్తూరు పక్కన పల్లె. కొంచెం తోతాపురి మామిడి తోట ఉంది. రోజూ పొద్దున పేపరు చూడగానే ఆ రోజు వార్త మీద ఒక ఆటవెలది రాసి బంధువుల గ్రూపులో, మా డిపో పాత స్టాఫ్ గ్రూపులో పెడతాను. మొదట్లో అందరూ దండం బొమ్మలు పెట్టేవాళ్లు. ఇప్పుడు అవీ లేవు. మా కోడలు ‘మామా, రోజూ వద్దు, ఎప్పుడైనా ఒకటి పెట్టండి’ అంటోంది. 2025లో మామిడి ధర పడిపోయినప్పుడు రాసిన పద్యంలో రెండు పాదాలు పంపుతున్నా. అప్పుడు మా కాయల లారీ గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట పగలూ రాత్రీ క్యూలో నిలబడిపోయింది. అడుగున ఉన్న కాయలు మెత్తబడి, రసం కారి లారీ కింద రోడ్డు గతుకులో నిలిచింది. ఈగలు ముసురుతుంటే డ్రైవరు దాని మీద ఇంత మన్ను పోశాడు. పద్యంలో తప్పుంటే చెప్పండి.*

*రైతు కంట నీరు రాజ్యానికే చేటు*
*ధరలు పడిన నాడు దారి యేది*

అన్నా, తప్పేమీ లేదు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు కుదిరాయి. రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. ‘రై’కి ‘రా’, ‘ధ’కి ‘దా’ యతి చెల్లింది. కండక్టరు ఉద్యోగంలో చిల్లర లెక్క తప్పని మనిషి గణాలు తప్పుతాడని నేను అనుకోలేదు కూడా.

ఇబ్బంది వేరే చోట ఉంది. ఈ రెండు పాదాల్లో మామిడి ఎక్కడ? మదనపల్లె మార్కెట్లో టమాటా ధర పడిపోయిన రోజు ఈ పద్యాన్నే పెట్టొచ్చు. కర్నూలు ఉల్లికీ పనికొస్తుంది, గుంటూరు మిర్చికీ పనికొస్తుంది. ‘రైతు కంట నీరు’ అనేది మీరు చూసింది కాదు, వినీ వినీ నోటికి వచ్చేసింది. మీరు కళ్లారా చూసింది ఉత్తరంలో ఉంది: గతుకులో నిలిచిన రసం, ఈగలు, డ్రైవరు పోసిన మన్ను. కవితంతా ఉత్తరంలో రాసేసి, పద్యంలో మాత్రం సభలో ఉపన్యాసం ఇచ్చారు. ఇప్పుడు ఈ పాదం చూడండి:

*కాయ రసము కారి గతుకు నిండె*

ఐదూ సూర్యగణాలే, ‘కా’కి ‘గ’తో యతి చెల్లుతుంది. ‘నిండె’ తప్ప ఇందులో నాది ఒక్క మాట కూడా లేదు, మీ ఉత్తరంలోంచి తీసిందే. దీన్ని రెండో పాదంగా పెట్టుకుని మిగతా మూడు మీరే పూర్తి చేయండి. రాజ్యం, చేటు లాంటివి రానివ్వకండి. డ్రైవరును మాత్రం వదలొద్దు.

ఇంకో మాట. ఆ ఏడాది ప్రభుత్వం తోతాపురికి కిలో 12 రూపాయలు అంది. అందులో ఫ్యాక్టరీలు ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం కలిపేది 4. మీ చేతికి ఏది ఎప్పుడు వచ్చిందో, ఏది రాలేదో మీకు తెలుసు. మీ డిపో గ్రూపులో సగం మందికి తోటలుంటాయి. వాళ్లకు పద్యం కింద ఆ లెక్క రెండు వాక్యాల్లో మామూలుగా రాసి పెట్టండి. పద్యానికి దండం పెట్టి ఊరుకునేవాళ్లు లెక్క చూస్తే మాట కలుపుతారు. ‘మాకూ అంతే’, ‘మాకు ముందే వచ్చింది’ అంటూ నలుగురు రాస్తారు. వార్త మీద మాట్లాడుకోవడమంటే అదే కదా.

ఇక రోజుకొకటి సంగతి. మీ కోడలు చెప్పిన మాటే నాదీ. పొద్దున్నే పేపరు చూసి పద్యం కట్టడం మంచి అలవాటు, మానొద్దు. నోటుబుక్కులో రాయండి. వారం తర్వాత తిరగేసి, వార్త పాతబడ్డా మిగిలిన పద్యం ఏదో చూసుకుని దాన్నే పెట్టండి. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద ఎన్ని వందల ఏళ్లు ఎవరి కంటా పడకుండా ఉన్నాయో చెప్పి మిమ్మల్ని ఓదార్చను. ఆ మాట మా ఊళ్లో ప్రతి సన్మాన సభలోనూ వింటున్నాం.

*మేడమ్, నేను తిరుపతిలో పీజీ చదువుతున్నాను. ఏదైనా ఘటన జరిగితే ఆ గంటలోనే కవిత పెట్టాలి, మర్నాటికి ఎవరూ చూడరు అంటారు మా ఫ్రెండ్స్. నాకు అంత స్పీడు రాదు. ఆలస్యంగా రాస్తే ఉపయోగం ఉందా?*

2025 జనవరి 8 రాత్రి నువ్వు ఊళ్లో ఉన్నావో లేదో. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయిన రాత్రి. టీవీలో ఇంకా సంఖ్య తేలనేలేదు, నా ఫోన్లో కవితలు మొదలయ్యాయి. ఒకాయన కవితలో చనిపోయినవాళ్ల సంఖ్య నిజం కంటే చాలా ఎక్కువ. ఇంకొకాయన ఎక్కడిదో, ఎప్పటిదో ఫొటో ఒకటి తగిలించాడు. అందులో జనం కట్టుకున్న బట్టలు చూస్తేనే అది మన ఊరు కాదని తెలుస్తుంది. మర్నాడు అసలు సంఖ్య తెలిశాక ఆ మొదటాయన కవితను తీసేయలేదు, అంకె ఒక్కటే మార్చాడు. చావుల సంఖ్య మారితే కవితలో ఇంకేమీ మారనక్కర్లేదా? అప్పటికే ఆ తప్పు అంకెతో అది ఎన్ని గ్రూపులు తిరిగిందో. బయటూరి నుంచి వచ్చిన యాత్రికుల ఇళ్లలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు అలాంటివి చూస్తారు. కవి చెప్పాడు కదా అని కాదు, ఆ సమయంలో ఏది కనబడినా నమ్ముతారు.

కాబట్టి స్పీడు రాకపోతే నీకొచ్చిన నష్టమేమీ లేదు. ఆ గంటలో నీకు తెలిసిన పనికొచ్చే కబురు ఏదైనా ఉంటే, అంటే హెల్ప్‌లైన్ నెంబరో, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లారో, అదీ నువ్వు సరిచూసుకున్నదైతే, మామూలు వాక్యంలో పెట్టు. కవితను ఆగనివ్వు. ఆ టోకెన్ల క్యూలో మీ బంధువులో, హాస్టల్లో పనిచేసే ఆయమ్మో నిలబడి ఉంటారు. వాళ్లు చెప్పింది విను. నెల తర్వాత రాసినా ఎవరూ చూడరని భయపడకు. మర్నాటికి పనికిరాకుండా పోయేది కవితైతే, అసలు ఆ గంటలో మాత్రం అది ఎందుకు?

*మాది పీలేరు. నా కవిత ఒకటి, కింద నా పేరు కత్తిరించేసి, వెనకాల పూల బొమ్మ పెట్టి, వేరే ఎవరి పేరుతోనో వాట్సాప్‌లో తిరుగుతోంది. మా పిన్నే నాకు ఫార్వర్డ్ చేసి ‘ఎంత బాగుందో చూడు, నువ్వూ ఇట్లా రాయి’ అంది. నేను రిజిస్ట్రేషన్ ఏమీ చేయించలేదు. ఏం చేయగలను?*

మీ పిన్ని మాటకు నవ్వాలో ఏడవాలో నాకూ తెలియలేదు. ముందు ఆమెకు ఫోన్ చేసి, ఆమెకు ఎవరు పంపారో అడుగు. అలా ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తే రెండు మూడు మెట్లలో పూల బొమ్మ పెట్టిన మనిషి దొరికే అవకాశం ఉంది. చాలాసార్లు ఆ మనిషి దొంగ కాదు. తనకు పేరు లేకుండా వచ్చినదానికి నచ్చిన పేరు పెట్టుకున్నవాడు.

చట్టం నీ పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కవిత రాసిన క్షణం నుంచే హక్కు నీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, గొడవ కోర్టుకు వెళ్తే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. ఆ చట్టంలోనే 57వ సెక్షన్ అని ఒకటుంది. హక్కులు వేరేవాళ్లకు అమ్ముకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు, నా మాటలు చెడగొట్టి నా పరువు తీయొద్దు అనే హక్కు రచయిత దగ్గరే ఉంటాయి. కొట్టివేతలున్న నీ చిత్తుప్రతి, మొదట ఎక్కడ ఏ తేదీన పెట్టావో దాని స్క్రీన్‌షాట్ దాచుకో. ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి చోట్ల అయితే కాపీరైట్ ఫిర్యాదుకు ఫారం ఉంటుంది, అది నింపితే తీసేస్తారు. వాట్సాప్‌లో ఇంటింటికీ పాకినదాన్ని తీయించడం మాత్రం ఎవరి వల్లా కాదు. నీ పేరుతో అసలు కవితను అవే గ్రూపుల్లో మళ్లీ పెట్టడం ఒక్కటే దారి.

మన పాతవాళ్లు దీనికి మంచి ఉపాయమే చేశారు. పేరు పద్యం కింద రాయలేదు, పద్యంలోనే పెట్టారు. వేమన మకుటం కత్తిరిస్తే పాదమే పోతుంది. అన్నమయ్య ముద్రగా పెట్టుకున్న వేంకటేశుడి పేరు తీసేస్తే చరణం కుంటుతుంది. అయినా జనం ఊరుకున్నారా? వేమన మకుటం తగిలించి తమ సొంత పద్యాలు అల్లేశారు. పేరు పోవడం ఒక బాధ అయితే, రాయనిదానికి పేరు అంటడం ఇంకో బాధ. నీది మొదటి రకం, కాస్త నయమే.

*నేను శ్రీకాళహస్తి దగ్గర ప్రభుత్వ స్కూల్లో టీచరుని. బడుల విలీనం గురించి, బదిలీల గురించి అప్పుడప్పుడూ వ్యంగ్య కవితలు పెడుతుంటాను. ‘కేసవుతుంది, ఉద్యోగం పోతుంది’ అని మా హెచ్చెమ్ గారు టెన్షన్ పెడుతున్నారు. కవితకు కూడా కేసు పెడతారా?*

మీ హెచ్చెమ్ గారు రెండు వేరు వేరు విషయాలు కలిపేశారు. విడదీసి చూద్దాం.

మొదటిది పోలీసు కేసు. ఇంటర్నెట్‌లో ఎవరికైనా చికాకు కలిగించే రాత పెడితే అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. దాని పేరు చెప్పి ఇంకా బెదిరించేవాళ్లుంటే నవ్వుకోండి. ఇప్పుడు వాడేది ఎక్కువగా భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్, వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం అనేది. ఈ సెక్షన్ కిందే పార్లమెంటు సభ్యుడు, ఉర్దూ కవి ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్‌లో కేసు పెట్టారు. ఆయన చేసిందల్లా ఒక సామూహిక పెళ్లిళ్ల వేడుక వీడియో వెనక ఒక కవిత వినిపించేలా సోషల్ మీడియాలో పెట్టడం. 2025 మార్చి 28న సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. రాసిన మాట ప్రభావాన్ని గట్టి మనసున్న మనుషుల కొలతతో చూడాలి గానీ, ప్రతిదానికీ అభద్రతతో ఉలిక్కిపడేవాళ్ల కొలతతో కాదని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి నేరారోపణల్లో, పోలీసులు ఎఫ్ఐఆర్ కంటే ముందు ప్రాథమిక విచారణ చేసుకోవడానికి దర్యాప్తు పద్ధతుల కొత్త చట్టంలో (భారతీయ నాగరిక సురక్షా సంహిత) దారి ఉందని, మాటలకు సంబంధించిన కేసుల్లో ఆ దారిన వెళ్లడమే తగునని కూడా అంది. చదవగలిగితే ఆ తీర్పు తెప్పించుకుని చదవండి. కవిత్వం గురించి జడ్జీలు రాసిన పేజీలు క్లాసులో చెప్పుకోదగ్గవి.

రెండోది ఉద్యోగం. ఇక్కడ మీ హెచ్చెమ్ గారి మాటలో బలం ఉంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి ప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని ఒప్పుకోదు. పోలీసు కేసు నిలవకపోయినా శాఖాపరమైన మెమో రావచ్చు. ‘అది కవిత సార్’ అని సంజాయిషీలో రాస్తే సరిపోతుందని నేను చెప్పలేను. కలం పేరు పెట్టుకున్నా తెలిసిన రోజున అదే మెమో. ఫలానా జీవో తప్పు అని రాయదలిస్తే అది మీ సంఘం తరఫున, సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లడం మేలు. విలీనం తర్వాత మూతపడిన బడి ముందు నిలబడ్డ రెండో తరగతి పిల్ల ఏం అడిగిందో మీరు చూసి ఉంటే, అది రాయండి. అందులో ఏ జీవో నెంబరూ ఉండదు. నా అభిప్రాయంలో మెమోకు భయపడి అలా రాయమని కాదు, కవితగా అదే గట్టిది.

*చిన్న ప్రశ్నలు రెండు: ఒకటి, శ్రీశ్రీ కవితలు నా గొంతుతో చదివి రీల్స్ పెట్టొచ్చా? రెండు, ఏఐతో రాయించిన ఆటవెలది నాదని పెట్టుకోవచ్చా? (పుత్తూరు నుంచి)*

ఒకటి: రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. శ్రీశ్రీ పోయింది 1983లో, కాబట్టి 2043 చివరిదాకా అనుమతి అడగాల్సిందే. జాషువా పోయింది 1971లో, 2031 చివరిదాకా. గురజాడ 1915లోనే పోయారు, ఎంతైనా చదువుకోండి. ఏదైనా కవితను చర్చిస్తూ నాలుగు పాదాలు ఉదహరించడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రెండు: మీరు పంపిన పద్యం చూశాను. మూడో పాదంలో ఇంద్రగణం ఉండాల్సిన చోట సూర్యగణం పడింది, నాలుగో పాదంలో యతే లేదు. మీదేనని పెట్టుకుంటే ఆ తప్పులూ మీవే.

*చంద్రగిరి నుంచి రాస్తున్నా. మా కవిత్వం గ్రూపుకి నేను అడ్మిన్‌ని. ఎన్నికలప్పుడు కవితల వంకతో రెండు పార్టీలవాళ్లు బూతులు తిట్టుకున్నారు. వాళ్లు రాసినదానికి నా మీద కేసు వస్తుందా? రాజకీయాలు బంద్ అని రూల్ పెట్టేద్దామా?*

గ్రూపులో ఎవరో పెట్టిన రాతకు అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో చెప్పింది. వాళ్లతో కలిసి ముందుగా అనుకుని చేశారని తేలితే తప్ప. ఆ భయం అంతగా వద్దు.

రాజకీయాలు బంద్ అనే రూలు మాత్రం పెట్టకండి. కరెంటు బిల్లు మీద కవిత రాజకీయమా కాదా అని మీరు రోజూ పంచాయితీ చెప్పాల్సి వస్తుంది. దాని బదులు సొంత రాతలు తప్ప ఫార్వర్డులు వద్దని చెప్పండి. తిట్టుకున్నవాళ్లలో చాలామంది ఒక్క వాక్యం కూడా సొంతంగా రాసినవాళ్లు కారని మీకే తెలుస్తుంది. వార్త మీద రాసిన కవిత అయితే కింద ఆ వార్త ఏమిటో ఒక వాక్యంలో చెప్పమనండి. రాత్రి పది దాటాక గ్రూపు సెట్టింగు మార్చి అడ్మిన్లు మాత్రమే పెట్టేలా చేయండి. తిట్లన్నీ ఆ తర్వాతే వస్తాయి.

*అక్కా, మాది పలమనేరు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా కలం పేరుతో కవితలు పెడుతున్నా. మా వీధిలో బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ల కోసం ఆడవాళ్లం పడే పాట్ల మీద రాసింది ఊళ్లో చాలామంది పంచుకున్నారు. మా అత్త కూడా చదివి ‘ఎవరో గానీ మన వీధి గురించే రాసినట్టుంది’ అంది. చెప్పేయాలా వద్దా?*

చట్టానికి కలం పేరుతో పేచీ లేదు. కలం పేరుతో అచ్చైన రచనకు అచ్చైన ఏడాది దాటాక 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఈలోపు అసలు పేరు బయటపెడితే మామూలు లెక్కే వర్తిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం జాగ్రత్త. పేరు మారినా నెంబరు కనిపిస్తుంది, మీ ఆడపడుచు ఫోన్లో మీ నెంబరు ఉంటుంది కదా. నేరుగా గ్రూపుల్లో పెట్టకుండా ఒక స్నేహితురాలి చేత పెట్టించండి.

చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చే విషయం కాదు. మీ ఇల్లు మీకు తెలుసు. మీ అత్తగారు చదివి ‘మన వీధి’ అని పోల్చుకున్నారంటే ఆ కవితలో వీధి సరిగ్గా వచ్చిందన్నమాట. చెప్పాలనిపిస్తే ముందు ఆమెకే చెప్పండి, మొగుడికి తర్వాత. ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడేది ఆమె కదా. ఆ కవితను వచ్చే సంచికలో వేస్తాను, పంపండి. ఏ పేరుతో వేయాలో ఆఖరి రోజు దాకా మార్చుకోవచ్చు.